మా జిరాక్సాయన్ని వదిలేసి ఎవర్నో కొన్నారు

అమెరికా వాళ్ళు తొందరపడ్డారు. కందుకూరు వచ్చి ఒక్కమాట అడిగి ఉంటే వ్యవహారం ఇంత దూరం పోయేది కాదు.

సంగతేమిటంటే, 2024 అక్టోబరులో జిరాక్స్ కంపెనీ ఒక ఐటీ సేవల సంస్థను కొంటున్నట్టు ప్రకటించింది. అవును, ఆ జిరాక్సే. మనం ఆధార్ కార్డుకి ముందూ వెనకా తీయించుకునేది ఎవరి పేరో, సాక్షాత్తూ ఆ కంపెనీయే. కొన్నది ఇల్లినాయి రాష్ట్రంలోని ఐటీశావీ అనే సంస్థను. నవంబరుకల్లా చేతులు మారడం కూడా అయిపోయింది. ధర 40 కోట్ల డాలర్లు. అప్పట్లో డాలరు 84 రూపాయలు వేసుకున్నా 3,360 కోట్లు. ఆ సంస్థ చేసే పనేమిటయ్యా అంటే చిన్నా మధ్యరకం వ్యాపారులకు కంప్యూటర్లు అమర్చిపెట్టడం, నెట్‌వర్కు చూసుకోవడం, క్లౌడులో దాచిపెట్టడం, దొంగలు పడకుండా కాపలా కాయడం. కాగితాన్నే నమ్ముకుంటే రోజులు గడవవు, సేవల్లోకి మళ్ళాలి అన్నది జిరాక్స్ వారి ఆలోచన.

ఈ వార్త నేను ఫోన్లో చదివింది మా జిరాక్సాయన షాపులో, పాసుపుస్తకం చేతపట్టుకుని వరసలో నిలబడి. ఆయన నాకు బాబాయి వరస. ఊళ్ళో ఎవరికీ ఆయన అసలు పేరు గుర్తులేదు. శుభలేఖల మీద కూడా జిరాక్సాయన అనే రాస్తారు.

"బాబాయ్, జిరాక్స్ కంపెనీ వాళ్ళు ఇంకో కంపెనీని కొన్నారంట" అన్నాను.

"మన కంపెనీనా?" అన్నాడు, చెయ్యి ఆపకుండా.

"మనది కాదు బాబాయ్. నీ మిషను జపాను వాళ్ళది."

"మిషను ఎవురిదైతే ఏందిరా, తీసేది జిరాక్సే గదా."

ఈ ఒక్క వాక్యం వినకుండా ఉండటానికి ఆ కంపెనీ దశాబ్దాలుగా తంటాలు పడుతోంది. మా పేరును మామూలు మాటలా వాడకండి, దానితో క్రియలు కట్టకండి, నకలు తీసే పనికి వేరే పేరుంది మహాప్రభో అని డబ్బు పోసి ప్రకటనలు వేయించుకుంది. ఆ ప్రకటన ఎవరైనా చూపిస్తే మావాళ్ళు దాన్నీ ఓ జిరాక్సు తీయించుకుని దాచుకుంటారు.

సరే, అసలు విషయానికి వద్దాం. 3,360 కోట్లు న్యాయమైన ధరేనా? మా ఊళ్ళో ఒక కాపీ రెండు రూపాయలు. ఆ లెక్కన 1,680 కోట్ల కాపీలు. దేశ జనాభా 140 కోట్లనుకుంటే తలకి పన్నెండు. ఈ పన్నెండు దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఏ సర్కారు ఆఫీసులో ఏ చిన్న పనికైనా అడిగేది సుమారు పన్నెండే: ఆధార్ రెండు వైపులా, రేషన్ కార్డు, 1బి, పాసుపుస్తకం మొదటి పేజీ, కరెంటు బిల్లు, బ్యాంకు పుస్తకం, ఇవన్నీ రెండు సెట్లు, ఆపైన "ఎందుకైనా మంచిది ఇంకోటి". అంటే దేశంలో ప్రతివాడూ ఒక్కసారి ఆఫీసు మెట్లెక్కి దిగితే ఐటీశావీ వసూలైపోతుంది. ఇంత సులువైన లెక్క న్యూయార్కు బ్యాంకర్లకు తట్టిందో లేదో చెప్పలేను.

కాబట్టి నేను తప్పు పట్టేది ధరను కాదు, సరుకును. సేవలు కావాలంటే సేవలు ఎక్కడ నడుస్తున్నాయో చూసి కొనాలి గదా.

మా బాబాయి షాపు పది అడుగుల వెడల్పు. అందులో ఒక మిషను, ఒక కంప్యూటరు, ఒక లామినేషన్ పెట్టె, సగం ఎండిన జిగురు డబ్బా, వెంకటేశ్వరస్వామి క్యాలెండరు. బయట బల్ల మీద ప్రోనోటు ఫారాలు, వాటి మీద గాలికి ఎగరకుండా ఒక చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ముక్క. పదిహేనేళ్ళ కిందట ఈయన చేసేది నకళ్ళే. ఇప్పుడు నకళ్ళు పక్కపని. కరెంటు బిల్లు కట్టేది ఈయన, రైలు టిక్కెట్టు తీసేది ఈయన, ఎంసెట్టుకి దరఖాస్తు పెట్టేది ఈయన (దాన్నిప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, మా ఊళ్ళో ఎవరూ అనడం లేదు), ఆ పిల్లోడికి సీటు ఏ కాలేజీలో వస్తే మేలో చెప్పేదీ ఈయనే. ఏ కన్సల్టెంటూ రాలేదు, ఏ పవర్‌పాయింటూ వెయ్యలేదు. ఒకరోజు పొద్దున ఎవరో ముసలామె వచ్చి "నాయనా, ఇది ఆన్‌లైన్లో ఎక్కియ్యాలంట" అని కాగితం చాపింది, ఈయన ఎక్కించాడు. దీన్నే అమెరికాలో డిజిటల్ పరివర్తన అంటారు, 40 కోట్ల డాలర్లు పోసి తెచ్చుకుంటారు.

క్లౌడు అన్నారు గదా. బాబాయి కంప్యూటరు తెర మీద గోడ కనిపించదు, ఫోల్డర్లే. "కొత్త ఫోల్డర్", "కొత్త ఫోల్డర్ 2", అలా నలభై ఏడు దాకా. సగం ఊరి పదో తరగతి మార్కుల జాబితాలు, కుల ధ్రువపత్రాలు, పెళ్ళికూతుళ్ళ బయోడేటాలు అందులో భద్రం. నాలుగేళ్ళ కిందట నేను వాట్సప్‌లో పంపిన అద్దె అగ్రిమెంటు మొన్న నా దగ్గర పోతే, ఈయన అర నిమిషంలో తీసిచ్చాడు. ఏ సర్వరూ నన్నిలా పేరు పెట్టి పిలిచి, "మళ్ళీ పారేసుకున్నావా" అని తిట్టి ఇవ్వలేదు.

సైబర్ భద్రత కూడా ఉంది. జనం ఫోను తీసి ఆయన చేతిలో పెట్టి, "ఓటీపీ వచ్చుద్ది, చూసి కొట్టు బాబాయ్" అని టీకి పోతారు. పాస్‌వర్డులన్నీ ఒక పొడుగు నోటు పుస్తకంలో పెన్సిలుతో రాసి ఉంటాయి. ఆ పుస్తకం ఆయన కూర్చునే కుర్చీ దిండు కింద ఉంటుంది. ప్రపంచంలో ఏ దొంగ తలకిందులుగా తపస్సు చేసినా ఇంటర్నెట్టు మీదుగా ఆ దిండు కిందకి రాలేడు.

ఇక సేవ ఎప్పుడూ ఆగకూడదని ఐటీ వాళ్ళు ఒప్పందాల్లో రాసుకుంటారు, తొంభైతొమ్మిది పక్కన చుక్క పెట్టి ఇంకెన్ని తొమ్మిదులు వేయాలా అని కొట్టుకుంటారు. బాబాయి శనివారం షాపు మూసి మాలకొండ పోతాడు. "ఇట్టా మూస్తే ఎట్టా బాబాయ్" అని ఒకసారి అడిగాను. "మాలకొండ నరసింహస్వామే వారానికి ఒక్కరోజు తలుపు తీస్తుండాడు. నేను ఆరు రోజులు తీస్తుండా" అన్నాడు. ఒప్పందంలో రాసుకోవడానికి ఇంతకంటే గట్టి అంకె నాకు దొరకలేదు.

ఇంతకీ జిరాక్స్ వారికి సేవల పిచ్చి ఇప్పుడు పట్టింది కాదు. 2009లో ఏసీఎస్ అనే సేవల కంపెనీని 640 కోట్ల డాలర్లకు బేరం చేసి, 2010లో ఇంటికి తెచ్చుకున్నారు. ఏడేళ్ళు కాపురం చేశాక 2017లో వేరు కాపురం పెట్టించారు, కాండ్యుయెంట్ అని కొత్త పేరు కూడా పెట్టి పంపారు. అంటే సేవలు వద్దని ఒకసారి తేల్చుకున్నారు. తేల్చుకున్న ఏడేళ్ళకి మళ్ళీ సేవలే కావాలని ఐటీశావీ దగ్గరికి వెళ్ళారు. సరే, ఈసారి కాగితం మీద విరక్తి నిజమే కాబోలు అనుకుంటుండగానే, అదే 2024 డిసెంబరులో లెక్స్‌మార్క్ అనే ప్రింటర్ల కంపెనీని 150 కోట్ల డాలర్లకు కొంటామన్నారు. 2025 జులైకల్లా అదీ కొనేశారు. చుట్ట మానేశానని ఇంట్లో ఒట్టేసి, సాయంత్రానికి వేలం కేంద్రంలో రెండు బేళ్ళ పొగాకు పాడుకొచ్చినట్టుంది వ్యవహారం.

వేలం అంటే గుర్తొచ్చింది. మా కందుకూరు రైతుకి ఈ విలీనాల విద్య ఎవరూ చెప్పక్కర్లేదు. పొగాకు బేలు మీద ధర పడకపోతే నో బిడ్ అంటారు, రైతు నోరు మూసుకుని దాన్ని మళ్ళీ ట్రాక్టరెక్కించి ఇంటికి తెచ్చుకుంటాడు. జిరాక్స్ వారు 2019 చివర్లో తమకంటే మూడింతలు పెద్దదైన హెచ్‌పీ కంపెనీని కొంటామని బయల్దేరారు. మేకపిల్ల వెళ్ళి ఒంగోలు గిత్తని నా దొడ్లో కట్టేసుకుంటానన్నట్టు. హెచ్‌పీ వారు ఒప్పుకోలేదు. ధర పెంచారు, అయినా ఒప్పుకోలేదు. ఇంతలో కరోనా వచ్చింది, 2020 మార్చి ఆఖరు రోజున బేరం వదిలేసుకున్నారు. ఇక్కడ బేలుకి బదులు బయ్యరే ట్రాక్టరెక్కి ఇంటికి పోయాడు.

వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు చూస్తే మాత్రం నాకు కొంచెం గౌరవం కలిగింది, దాచుకోను. చెస్టర్ కార్ల్‌సన్ అని ఒకాయన, ఒక కంపెనీలో పేటెంట్ల విభాగంలో పని చేసేవాడు. ఆ కాగితాలకు నకళ్ళు రాసీ రాసీ విసిగిపోయాడు, పైగా కీళ్ళవాతం. 1938 అక్టోబరు 22న న్యూయార్కులోని ఆస్టోరియాలో ఒక అద్దె గదిలో గంధకం పూసిన జింకు పలకను రుమాలుతో గట్టిగా రుద్ది, దీపం వెలుగు పట్టి, పొడి చల్లి, మైనం కాగితం మీదకి అచ్చు దించాడు. అచ్చయింది ఆ రోజు తేదీ, ఆ ఊరి పేరు. అంటే ప్రపంచంలో తొలి జిరాక్సు కూడా తేదీ, స్థలం వేసినదే. మా నోటరీ గారు చూస్తే ముచ్చటపడి స్టాంపు కొట్టేవాడు. ఆ యంత్రం పట్టుకుని ఆయన ఇరవై పైచిలుకు కంపెనీల గడప ఎక్కాడు. ఐబీఎంతో సహా అందరూ వద్దన్నారు. చివరికి రోచెస్టర్‌లో హాలాయిడ్ అనే ఫోటో కాగితాల కంపెనీ తీసుకుంది. తర్వాత ఆ కంపెనీ పేరే జిరాక్స్‌గా మారింది. 1959లో 914 అనే మిషను వచ్చింది. 9 అంగుళాలు, 14 అంగుళాల కాగితం దాకా పడుతుంది కాబట్టి 914. బరువు 294 కిలోలు, అంటే నాలుగు బస్తాల వడ్లకి కొంచెం తక్కువ. లోపల కాగితం అంటుకునే ప్రమాదం ఉందని మంటలార్పే సీసా కూడా దానితోపాటే ఇచ్చేవాళ్ళు. దానికి వాళ్ళు పెట్టిన పేరు మాత్రం మంటలార్పేది అని కాదు, కమురు పోగొట్టేది అని. కార్పొరేటు భాష అప్పటికే బాగా పండింది.

ఆ తర్వాత జరిగిందే అసలు విషాదం. 1970లో కాలిఫోర్నియాలో పరిశోధనశాల పెట్టారు. మౌసుతో నడిచే, తెర మీద కిటికీలు తెరుచుకునే ఆల్టో అనే కంప్యూటరును 1973కే చేసిపెట్టుకున్నారు. 1979లో ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ వచ్చి చూసి వెళ్ళాడు. తర్వాత ఆ మౌసూ ఆ కిటికీలూ ఆపిల్ కంప్యూటర్లలో తేలాయి. లోకం మొత్తానికి నకలు తీయడం నేర్పిన కంపెనీ ఇంటికొచ్చి, లోకం ఆ కంపెనీకే జిరాక్సు తీసుకుపోయింది. బదులుగా జిరాక్స్ వారికి దక్కింది ఆపిల్ షేర్లు కొనుక్కునే అవకాశం, అదీ సొంత డబ్బు పోసి. మా బాబాయి దగ్గర ఈ పప్పులుడకవు. ముందు డబ్బు, తర్వాతే కాగితం.

నకలు సంగతి మన తెలుగువాళ్ళకీ కొత్త కాదులెండి. 2008 డిసెంబరులో సత్యం కంపెనీ మేటాస్ కంపెనీలను కొనబోయింది. సొంత పేరునే ఇంగ్లీషులో తిరగేసి పెట్టుకున్న కంపెనీని కొనడమంటే అద్దంలో బొమ్మకి బయానా ఇవ్వడమే. వాటాదారులు గోలపెడితే గంటల్లో వెనక్కి తగ్గారు. మూడు వారాలకి, 2009 జనవరి 7న, లెక్కలే నకిలీవని చైర్మన్ గారి ఉత్తరం బయటపడింది. ఏప్రిల్లో టెక్ మహీంద్రా వాళ్ళు షేరు 58 రూపాయలకు పాడుకున్నారు. అప్పుడు మా బజారులో ఇంటికో కుర్రాడు సత్యంలో ఉన్నాడు. పెళ్ళి సంబంధాలు తల్లకిందులైపోయాయి. బయోడేటాలో "సత్యం" కొట్టేసి "మహీంద్రా సత్యం" అని మార్చి కొత్త కాపీలు తీయించుకోవడానికి తండ్రులు వచ్చారని, ఆ నెల బేరం బాగుందని బాబాయి ఇప్పటికీ చెబుతాడు. 2013లో సత్యం అన్న మాట కూడా పోయింది. మళ్ళీ వచ్చారట.

అసలు ఐటీ విలీనం అంటే ఇంతే గదా. కుర్చీలో మనిషి కదలడు, మెడలో కార్డు మారుతుంది. పెరో సిస్టమ్స్ అని ఒకటుండేది. 2009లో డెల్ కొంది. 2016లో డెల్ వాళ్ళు ఆ సేవల వ్యాపారాన్ని జపాన్ ఎన్‌టీటీ డేటాకి అమ్మారు. అదే కుర్చీలో, అదే ఫ్యాను కింద కూర్చున్నవాడు ఏడేళ్ళలో మూడు కార్డులు వేసుకుని ఉంటాడు. దీన్ని గొప్పగా చెప్పుకునేవాళ్ళను చూస్తే మా కందుకూరు వాళ్ళకి నవ్వొస్తుంది. మేము నెల్లూరు జిల్లాలో ఉండేవాళ్ళం. 1970లో మమ్మల్ని విడదీసి ఒంగోలు జిల్లాలో కలిపారు. 1972లో దాని పేరు ప్రకాశం అన్నారు. 2022 ఏప్రిల్ 4న మళ్ళీ నెల్లూరులో కలిపారు. ఒంగోలు దగ్గర, నెల్లూరు దూరం, మమ్మల్ని మాకు వదిలెయ్యండని జనం మొత్తుకుంటే 2025 చివర్లో ఆ ఫైలు మళ్ళీ కదిలింది. ఇన్నేళ్ళలో కందుకూరు ఒక్క అడుగు జరగలేదు. మా సింగరాయకొండ రైల్వే స్టేషను కూడా అంగుళం దగ్గరికి రాలేదు.

బ్రాండు విలువ అంటారే, దానికీ మా దగ్గర దాఖలా ఉంది. ఒంగోలు గిత్త బ్రెజిల్ పోయింది. అక్కడ వాళ్ళ మందల్లో అధికభాగం ఆ జాతే. కానీ దాన్ని అక్కడ పిలిచే పేరు నెలోర్. సరుకు ఒంగోలుది, బోర్డు నెల్లూరుది. కందుకూరు మనిషి మనసు ఏంటో ఆ ఎద్దునడిగితే చెబుతుంది.

ఈ మార్పులన్నిటికీ తట్టుకుని నిలబడ్డ ఏకైక సంస్థ మా బాబాయి షాపు. 2022లో బోర్డు కొత్తగా రాయించాల్సి వచ్చినప్పుడు పెయింటరు "జిల్లా ఏం రాయమంటారు" అని అడిగాడట. "జిల్లా అని రాసి, పక్కన జాగా వదిలెయ్" అన్నాడట ఈయన. ఇప్పటికీ ఆ జాగా అట్లాగే ఉంది, దుమ్ము పట్టి. విలీనానికి ముందుజాగ్రత్త అనేది వ్యాపార పాఠశాలల్లో ఎన్ని సెమిస్టర్లు చెబుతారో నాకు తెలియదు గానీ, ఈయన ఒక్క కుంచె దూరంలో తేల్చేశాడు.

అందుకే నేను బాబాయితో సీరియస్‌గానే మాట్లాడాను. షాపుకి విలువ కట్టిద్దాం, జిరాక్స్ వారికి ఉత్తరం రాద్దాం అన్నాను. వాళ్ళు ఐటీశావీకి డబ్బంతా ఒకేసారి ఇవ్వలేదని, కొంత నగదు, మిగతాదానికి ప్రోనోట్లు రాసిచ్చారని చెప్పాను. ఆ మాట విన్నాకే ఆయన మొదటిసారి మిషను ఆపి నావైపు తిరిగాడు.

"ప్రోనోట్లా? అమెరికాలో కూడానా?"

"అవును బాబాయ్."

"రెవెన్యూ స్టాంపు అంటించారా లేదా? వడ్డీ ఎంత? నూటికి రెండేసినారా? మూడేళ్ళు దాటితే కాలదోషం పడుద్ది, తిరగరాపించుకోమను. అప్పుడు మళ్ళీ ఫారం కావాల. మనకాడ ఉండాయి, కట్ట ఇరవై."

ప్రపంచ వాణిజ్యంలో ఆయనకి అర్థం కాని చోటు ఎక్కడుందా అని నేను వెతుకుతున్నాను. ఒకటి దొరికింది. 2024 జనవరిలో జిరాక్స్ వాళ్ళు ఉద్యోగుల్లో 15 శాతం మందిని తీసేస్తామన్నారని చెప్పాను, కొంటే ఇక్కడా అదే రూలు వస్తుందని హెచ్చరించాను. షాపులో ఉన్నది ఇద్దరు. బాబాయి, డిగ్రీ చదువుతూ పొద్దుటిపూట వచ్చే ఒక కుర్రాడు. ఇద్దరిలో 15 శాతం అంటే మనిషిలో మూడోవంతు కన్నా కాస్త తక్కువ. బాబాయి కుర్రాడివైపు, కుర్రాడు బాబాయివైపు చూసుకున్నారు. ఏ భాగం తీస్తారో ఇద్దరికీ అంతుపట్టలేదు. చివరికి కుర్రాడి పదకొండు గంటల టీ ఆపాలని తీర్మానమైంది. మర్నాడు వెళ్ళి చూస్తే టీ వచ్చింది. పునర్వ్యవస్థీకరణ వాయిదా పడిందన్నారు.

"ఇంతకీ వాళ్ళు కొన్నాక నేనేం చెయ్యాలంట?" అన్నాడు బాబాయి, నా పాసుపుస్తకం తెరిచి గాజు మీద బోర్లిస్తూ.

"ఇదే పని. ఇదే కుర్చీ. మెడలో వేసుకోవడానికి కార్డొకటి పంపిస్తారు."

మూత మూసి బటన్ నొక్కాడు. ఆకుపచ్చ వెలుగు ఆ అంచు నుంచి ఈ అంచుకి జరిగింది.

"ఉత్త కాగితం పంపిస్తే చినిగిపోద్ది. లామినేషన్ మనమే చెయ్యాల. ముప్పై రూపాయలు అవుద్దని ముందే చెప్పు వాళ్ళకి."